సభలో 25 లక్షల మాట వింటున్నాం, నెల మందుబిళ్లల మాట ఎవరు ఎత్తుతారు?

కొల్లేటి కొంగ (ఏలూరు జిల్లా) · ఉదయం 6:52

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలకి చట్టసభల పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుందని వైద్య ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చలు కొన్నేళ్లుగా టీవీలో చూస్తున్నాను. ఎవరు అధికారంలో ఉన్నా వాదన మాత్రం ఒకటే. మేం పరిమితి ఇంత పెంచాం, మీ హయాంలో ఎంత ఉండేది? పేదలకి ఆస్పత్రిలో ఉచితంగా చికిత్స చేయించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు ఆ పరిమితి కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు. 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలు చేశారు. అదే నెలలో ఇక్కడ ఏపీలో 25 లక్షలన్నారు. బల్లలు చరిచారు.

మా నాన్నకి 71 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పదకొండేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆస్పత్రి మంచం మీద పడుకోలేదు. కాబట్టి ఆ 25 లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఆయన దాకా రాలేదు. ఆయనకి కావాల్సింది షుగరుకి నెలకి 60 మెట్‌ఫార్మిన్, 30 గ్లిమిపిరైడ్, బీపీకి 30 టెల్మిసార్టన్. అంతే. పోయిన నెల పీహెచ్‌సీలో స్టాకు తక్కువుందని పదిహేను రోజులకే ఇచ్చారు.

ఆదివారం నేను ఇంటికి వెళ్లేసరికి నాన్న వంటగట్టు మీద పేపరు పరిచి, టెల్మిసార్టన్ బిళ్లని చాకుతో రెండు ముక్కలు చేస్తున్నారు. ముక్క సరిగ్గా తెగలేదు. రాలిన పొడిని వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకున్నారు. ఇదేంటి నాన్నా అంటే, "పదిహేను రోజులవి నెలంతా వస్తాయి కదరా" అన్నారు. బయట కొనుక్కోమని నేను డబ్బులు ఇస్తాను. తీసుకోరు. ఉచితంగా వచ్చేదాన్ని కొనడం ఎందుకని ఆయన బాధ. బీపీ చూపిస్తే 168 వచ్చింది.

సభలో ఈ సగం బిళ్ల గురించి మాట్లాడినవాళ్లని మీరెవరైనా చూశారా? ఏ పార్టీ అయినా సరే, చూసి ఉంటే చెప్పండి.


పాలమూరు బాట (మహబూబ్‌నగర్) · ఉదయం 7:30

సార్, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ పరిమితి మాటని మరీ తేలిగ్గా తీసుకోవద్దు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మాది ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ఏం చేసేవాళ్లో నాకు గుర్తుంది. ఎమ్మెల్యే దగ్గర ఉత్తరం రాయించుకొని, డాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్ జతచేసి, సీఎం సహాయ నిధి కోసం హైదరాబాద్ సెక్రటేరియట్ చుట్టూ తిరగాలె. ఎమ్మెల్యే మనవాడైతే ఒక లెక్క, కాకపోతే ఇంకో లెక్క.

మా మేనత్తకి 2008లో గుండె వాల్వు మార్చారు. తెల్లకార్డు చూపిస్తే సరిపోయింది. ఇంటికొచ్చేటప్పుడు చేతిలో బస్సు చార్జీలు పెట్టి పంపించారు. ఆమె ఇప్పటికీ ఉన్నది, మనవరాలి పెళ్లి చేసింది. పేదోడికి అదొక హక్కు అని మాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. కాబట్టి పెద్ద జబ్బుకి పెద్ద మొత్తం ఉండాలె. నెల మందులు కూడా ఉండాలె. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోమని ఎవరూ అనొద్దు.


కొల్లేటి కొంగ · ఉదయం 7:41

ఒప్పుకుంటాను అన్నా. వదులుకోమని నా ఉద్దేశం కాదు. చర్చ అంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోందని నా బాధ.


బిల్లింగ్ కౌంటర్ (విజయవాడ) · ఉదయం 9:15

నేను నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అంటే ఈ పథకం కింద వైద్యం చేసే ఆస్పత్రిలో, పథకం డెస్క్ మీద పని చేస్తాను. ఏపీలో దీన్ని ఇప్పుడు వైద్య సేవ అంటున్నారు. 25 లక్షలు చేశారన్న రోజు మా కౌంటర్ దగ్గర ఏం మారిందని చాలామంది అడిగారు. దాదాపు ఏమీ మారలేదు. ఎందుకంటే పరిమితి వేరు, ప్యాకేజీ రేటు వేరు. ఇప్పుడు ఏపీలో 3,257 రకాల చికిత్సలున్నాయి, ప్రతిదానికీ ఒక రేటు కట్టి ఉంటుంది. తుంటి ఎముక ఆపరేషన్‌కి ఆ రేటే వస్తుంది, మీ కార్డులో 5 లక్షలున్నా 25 లక్షలున్నా. ఏడాదిలో 10 లక్షలు దాటే కుటుంబాలు చాలా తక్కువ.

అసలు టెన్షన్ క్లెయిమ్ దగ్గర. పేషెంట్ రాగానే ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో ఉండే పథకం ఉద్యోగి) ద్వారా ప్రీ ఆథ్, అంటే ముందస్తు అనుమతి దరఖాస్తు, పెడతాం, అనుమతి వస్తుంది, ఆపరేషన్ అవుతుంది. డిశ్చార్జి సమ్మరీ, ఫొటోలు, రిపోర్టులు అప్‌లోడ్ చేస్తాం. ఇక డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. 2025లో సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఏపీలో బకాయిల మీద నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సంగతి అందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఒక పెద్దావిడ డయాలసిస్ ఫైలు గుండెకి హత్తుకుని మా కౌంటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చుంది. మా దగ్గర చేయలేం, ప్రభుత్వాస్పత్రికి వెళ్లమ్మా అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, ఫైలు సంచిలో పెట్టుకుని లేచింది.

బకాయి పెరిగితే ఆస్పత్రివాళ్లు బోర్డు తిప్పేయరు. బెడ్ ఖాళీ లేదంటారు, వచ్చే వారం రమ్మంటారు. పేదవాడికి అదీ నిరాకరణే. అందుకే సభ్యులు అడగాల్సిన ప్రశ్న పరిమితి ఎంత అని కాదు, క్లెయిమ్ పెట్టిన ఎన్ని రోజులకి డబ్బు జమ అవుతోంది అని.


గోదారి ఎదురీత (రాజమండ్రి) · ఉదయం 9:40

అందుకే కదా బీమా పద్ధతి తెస్తున్నారు. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు కడతాయి. 2025 సెప్టెంబరులో ఏపీ మంత్రివర్గం ఆమోదించింది. ప్రీమియం కట్టేస్తే బకాయిల గోల ఉండదు.


బిల్లింగ్ కౌంటర్ · ఉదయం 10:05

అన్నా, 2007లో మొదలైంది కూడా బీమా కంపెనీ ద్వారానే. తర్వాత ట్రస్టే నేరుగా నడిపింది. బీమా మంచిదా చెడ్డదా అని నేను తీర్పు చెప్పను, కానీ కంపెనీకి ప్రీమియం సమయానికి కట్టాల్సింది కూడా అదే ప్రభుత్వ ఖజానా. పైగా క్లెయిమ్ తిరస్కరిస్తే కంపెనీకి మిగులుతుంది. కాబట్టి ఎన్ని ప్రీ ఆథ్‌లు తిరస్కరించారు, ఏ కారణం చెప్పి తిరస్కరించారు అన్న లెక్క ప్రతి సమావేశంలో సభ ముందు పెట్టాలని నిబంధన ఉండాలి.


ప్రెస్ గ్యాలరీ (హైదరాబాద్) · ఉదయం 11:20

నేను చాలా ఏళ్లు అసెంబ్లీ వార్తలు రాశాను, ఇప్పుడు రిటైరయ్యాను. లోపల చర్చ ఎలా జరుగుతుందో తెలిస్తే మీ ప్రశ్నకి కొంత జవాబు దొరుకుతుంది మాస్టారూ.

ఒక్కో శాఖ పద్దు మీద మాట్లాడటానికి దొరికేది కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. చర్చకు రాని పద్దుల్ని చివరిరోజు గిలటిన్ చేసి, అంటే చర్చ లేకుండానే, ఓటుతో గట్టెక్కిస్తారు. దొరికిన ఐదు నిమిషాల్లో సభ్యుడు ముందు నాయకుడిని పొగడాలి, తర్వాత అవతలివాళ్లని తిట్టాలి. తన నియోజకవర్గం ఆస్పత్రికి వచ్చేసరికి స్పీకర్ గంట కొడతారు. ఇది నేను రెండు రాష్ట్రాల్లోనూ, అన్ని పార్టీల్లోనూ చూశాను.

ఇంకోటి, ప్రతిపక్షం లోపల లేకపోవడం. 2017 చివర్లో వైఎస్సార్‌సీపీ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని బయటికి నడిచారు. 2024లో 175 మందిలో 11 మందితో మిగిలిన వైఎస్సార్‌సీపీ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని అసెంబ్లీకి దూరంగా ఉంది. కాబట్టి కొత్త వైద్య కళాశాలల్ని పీపీపీకి (ప్రైవేటు భాగస్వామ్యానికి) ఇవ్వడం మీద గొడవంతా శాసన మండలిలోనే నడిచింది. ఎవరి కారణాలు వాళ్లకి ఉండొచ్చు. మంత్రిని నిలబెట్టి మూడో అనుబంధ ప్రశ్న వేసేవాడు మాత్రం ఎదుటి బెంచీలో ఉండాలి.

డబ్బు లెక్క కూడా చూడండి. రాష్ట్రాలు తమ బడ్జెట్లో 8 శాతం పైగా ఆరోగ్యానికి ఖర్చు పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది, అదీ 2020 కల్లా. 2025–26లో ఏపీ 3.22 లక్షల కోట్ల బడ్జెట్లో వైద్య ఆరోగ్యానికి 19,264 కోట్లు. తెలంగాణ 3.05 లక్షల కోట్లలో 12,393 కోట్లు. ఒకటి 6 శాతం దగ్గర, ఇంకోటి 4 శాతం దగ్గర ఆగింది. ఈ రెండు అంకెల మీద సభలో గట్టిగా ఒక పూట చర్చ జరగాలని నా కోరిక.


ఉద్దానం జీడితోట (శ్రీకాకుళం జిల్లా) · మధ్యాహ్నం 1:10

మా ప్రాంతం సంగతి చెప్పాలి. సభలో మాట్లాడితే ఏమీ జరగదని అనుకునేవాళ్లు మా ఉద్దానం చూడాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి మనుషులు కిడ్నీలు పాడై చనిపోతుంటే ఎవరికీ పట్టలేదు. సభ లోపలా బయటా అన్ని పార్టీలవాళ్లూ మాట్లాడాకే కదలిక వచ్చింది. పవన్ కల్యాణ్ 2017 జనవరిలో ఇచ్ఛాపురం వచ్చారు. ఆ తర్వాత డయాలసిస్ కేంద్రాలు దగ్గరికొచ్చాయి. 2019లో డయాలసిస్ పింఛను 10 వేలు చేస్తామని జగన్ ప్రకటించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పథకం ప్రారంభించారు. నీళ్ల పథకానికి 700 కోట్లు. ఎవరు ఎంత చేశారన్న వాటాల గొడవ నాకొద్దు, వచ్చింది నిలబడాలి.

మా అన్నయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. డయాలసిస్‌కి డబ్బు తీసుకోరు. ఆటోకి, తోడు వెళ్లేవాళ్ల కూలి పోవడానికి, బయట కొనే ఇంజెక్షన్లకి ఆ 10 వేలే ఆధారం. అన్నయ్య రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో వదిన పొద్దున్నే చిన్న స్టీలు చెంబులో కొలిచి పెడుతుంది. మే నెలలో తోట పనిచేసి వచ్చినవాడు ఆ చెంబు వైపు చూసి, ఒక గుక్క తాగి, మూత పెట్టేస్తాడు. మిగతావాళ్లం ఆయన ముందు నీళ్లు తాగం.

పింఛను అంటే మాకు ఆస్పత్రికి వెళ్లే దారి ఖర్చు. సభలో ఆరోగ్యం ఒకరోజు, సంక్షేమం ఇంకోరోజు మాట్లాడతారు. మా ఇంట్లో రెండూ ఒకటే.


పాలమూరు బాట · మధ్యాహ్నం 1:35

అక్కా, తెలంగాణలో డయాలసిస్ పేషెంట్లకి ఇచ్చే పింఛను 2016 రూపాయలు. 2022 ఆగస్టు నుంచి ఇస్తున్నరు. ఒకే జబ్బు, రాష్ట్రం మారితే ఐదో వంతు. మా ఎమ్మెల్యేలు మీ రాష్ట్రం లెక్కని సభలో ఎందుకు చదవరో నాకు అర్థం కాదు.


గోదారి ఎదురీత · మధ్యాహ్నం 2:02

పింఛన్లు పెంచుకుంటూ పోతే ఆస్పత్రులకి డబ్బెక్కడిది? పెద్దవాళ్లకి 4 వేల పింఛను ఒకటో తారీఖునే ఇంటికి తెచ్చిస్తున్నారు, అందులో మందులు కొనుక్కోవచ్చుగా. అన్నీ ప్రభుత్వమే చేయాలంటే కుదరదు.


సబ్‌సెంటర్ ఆశా (ప్రకాశం జిల్లా) · మధ్యాహ్నం 2:50

బాబూ, నేను ఆశా కార్యకర్తని. ఒంటరిగా ఉండే మామ్మ 4 వేల పింఛనుతో ఏం చేస్తుందో నాకు లెక్క తెలుసు. గ్యాస్, పాలు, కరెంటు, మనవడి చేతిలో పెట్టే వంద, చీటీల అప్పు. మందులు చివర వస్తాయి. నొప్పి ఉంటే కొంటారు, బీపీకి నొప్పి ఉండదు. అందుకే కొనరు. పక్షవాతం వచ్చాక 108కి ఫోన్ చేస్తారు, అప్పుడు మీరు చెప్పే లక్షల పథకం మొదలవుతుంది. నెలకి వందో రెండొందలో అయ్యే బిళ్లలు సరిగ్గా ఇస్తే ఆ మంచాన పడటమే ఉండదు కదా.

విలేజ్ క్లినిక్ వచ్చాక మా ఊళ్లో మంచి జరిగింది, అది చెప్పకపోతే తప్పు. బీపీ చూడటానికి మండలానికి పోనక్కర్లేదు. 105 రకాల మందులు ఉంటాయని గోడ మీద రాశారు. ఉన్న నెల అన్నీ ఉంటాయి, లేని నెల గోడ మాత్రం ఉంటుంది. జనం ఎవరిని అడుగుతారు? మంత్రిగారు ఊళ్లోకి రారు, నేనే కనిపిస్తాను. "ఏమ్మా ఆశమ్మా, బిళ్లలు లేవా" అని పొలం గట్టు మీద నిలబెట్టి అడుగుతారు. నా దగ్గరున్న రిజిస్టరులో బీపీ వాళ్లు 94 మంది, షుగరు వాళ్లు 61. ఎవరు మందు ఆపేశారో పేరుతో సహా చెప్తాను. ఆ రిజిస్టరు ఏ ఎమ్మెల్యే అడగలేదు ఇంతవరకు.

ఇంకొకటి. మా వీధిలో ఒకతను చిన్నప్పుడు పోలియో వచ్చినవాడు. వికలాంగుల పింఛన్ల రీవెరిఫికేషన్ అని సదరం క్యాంపుకి (వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చేచోటికి) రమ్మన్నారు. వాళ్లమ్మ, నేను ఆటోలోంచి దించి, కుర్చీలో మోసి మెట్లెక్కించాం. దొంగ సర్టిఫికెట్లు ఏరేయడం మంచిదే, నేను కాదనను. కానీ నడవలేనివాడు నడవలేడని చూపించడానికి మెట్లెక్కాలా? ఇంటికే డాక్టరుని పంపమని సభలో ఒక్కరు అడిగితే చాలు.


హోసూరు తెలుగు (కృష్ణగిరి జిల్లా, తమిళనాడు) · సాయంత్రం 4:18

మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, ఓటు మాత్రం తమిళనాడులో. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చిచ్చే పథకం 2021 ఆగస్టులో మా కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి అనే ఊళ్లో మొదలుపెట్టారు. మా అమ్మకి రెండు నెలలవి ఒకేసారి ఇచ్చి, చీటీ మీద తేదీ వేసి వెళ్తారు.

దాని వెనక ఇంకో పాత పని ఉంది. 1994లోనే మందులు కొనడానికి వేరే కార్పొరేషన్ పెట్టారు. ప్రతి ఆస్పత్రికి ఒక పాస్‌బుక్ ఉంటుంది, అందులో ఇంత విలువ మందులు తీసుకోవచ్చని రాసి ఉంటుంది. జిల్లా గోదాం నుంచి కావాల్సినవి తెచ్చుకుంటారు. ఏ మందు ఎక్కువ పోతుందో ఆ ఆస్పత్రికే తెలుసు కదా. అన్నీ బాగున్నాయని చెప్పను, లోపాలున్నాయి. కానీ ప్రభుత్వాలు మారినా ఆ కార్పొరేషన్ని మాత్రం కదపలేదు.


లీడ్స్ నర్సు (ఇంగ్లండ్) · సాయంత్రం 5:05

గుంటూరు దగ్గర పుట్టాను, ఇక్కడ పన్నెండేళ్లుగా నర్సుని. ఇంగ్లండ్‌లో చీటీ మీద ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి. కానీ 60 దాటినవాళ్లకి ఉచితం, షుగరుకి మందు వాడేవాళ్లకి ఏ మందైనా ఉచితం. స్కాట్లండ్, వేల్స్‌లో అందరికీ ఉచితం. అంటే మాస్టారి నాన్నగారు ఇక్కడుంటే బిళ్ల ముక్కలు చేసేవారు కాదు. ఆపరేషన్‌కి మాత్రం చాలాకాలం ఎదురుచూడాల్సి వస్తుంది, మోకాళ్ల నొప్పితో ఏడ్చేవాళ్లని రోజూ చూస్తాను.

చర్చ గురించి అడిగారు కాబట్టి ఒక మాట. 1948లో ఈ ఉచిత వైద్యం తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవన్. 1951లో సొంత ప్రభుత్వమే కళ్లజోళ్లకీ, కట్టుడు పళ్లకీ డబ్బు తీసుకోవాలని పెడితే, ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశాడు. కళ్లజోడు కోసం ఒక మంత్రి పదవి వదులుకున్నాడని నాకు చదువుకున్నప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాను. మన దగ్గర మందుబిళ్ల కోసం సొంత పార్టీ మంత్రిని సభలో నిలదీసే సభ్యుడు ఒక్కడు ఉంటే ఎంత బాగుండు.


గోదారి ఎదురీత · సాయంత్రం 5:40

ఆశా అక్కా, మీరు చెప్పిన "బీపీకి నొప్పి ఉండదు" అన్న మాట నేను ఆలోచించలేదు. డబ్బు ఇస్తే కొనుక్కుంటారనే అనుకున్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మెడికల్ కాలేజీలు పీపీపీకి ఇవ్వడం తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోను. ఏపీలో కట్టాలనుకున్న 17 కొత్త కాలేజీల్లో 2023లో తెరిచింది ఐదు. డబ్బు లేకుండా మిగతావి ఎన్నాళ్లు గోడల దగ్గరే ఆగాలి?


సబ్‌సెంటర్ ఆశా · సాయంత్రం 6:12

పర్లేదు బాబూ. పీపీపీకి ఇస్తామన్న పది కాలేజీల్లో మార్కాపురం ఉంది కాబట్టి నాకు తెలిసింది చెప్తా. కాలేజీ ఎవరు కట్టినా మాకు ఒకటే ప్రశ్న. రాత్రి రెండు గంటలకి పురిటి నొప్పులతో మనిషిని తీసుకెళ్తే డాక్టరమ్మ ఉంటుందా, డబ్బు అడుగుతారా? దానికి కాగితం మీద జవాబు సభలో చెప్పిస్తే సగం గొడవ తగ్గుతుంది. అది చెప్పకుండా కాలేజీ ఎవరి చేతికి ఇవ్వాలనే కొట్టుకుంటున్నారు.


వేదిక నిర్వాహకులు · సాయంత్రం 6:20

పార్టీల పేర్లతో తిట్లున్న మూడు స్పందనలు తీసేశాం. మిగతా చర్చ ఇలాగే సాగనివ్వండి.


ప్రెస్ గ్యాలరీ · రాత్రి 7:45

మాస్టారూ, ఒక పని చేద్దామా? మీ ఎమ్మెల్యే చేత ప్రశ్న వేయిద్దాం. ఎలా రాయాలో నేను చెప్తాను. "ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందుల కొరత ఉన్నదన్న విషయం వాస్తవమేనా?" అని అడిగితే "లేదండి" అని జవాబొస్తుంది, తర్వాతి భాగానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాస్తారు. అక్కడితో అయిపోయింది. వందల ప్రశ్నలు ఇలా చచ్చిపోవడం నేను చూశాను.

అవునో కాదో అని తేలిపోయే ప్రశ్న వేయొద్దు. లెక్క అడగాలి. పీహెచ్‌సీల స్టాకు ఈ ఔషధి అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతుంది, కాబట్టి సమాచారం లేదని చెప్పలేరు. ఇలా రాయండి:

"అ) నియోజకవర్గంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గత 12 నెలల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ మందుల నిల్వ ఎన్ని రోజులు సున్నాగా ఉన్నది? ఆ) ఆ మందులు వాడుతున్న నమోదైన రోగులు ఎందరు, వారిలో 30 రోజులకు సరిపడా మందులు పొందినవారు ఎందరు? ఇ) నిల్వ అయిపోయినప్పుడు స్థానికంగా కొనుగోలు చేయుటకు మంజూరు చేసిన మొత్తం ఎంత, ఖర్చు చేసినది ఎంత?"

నక్షత్ర గుర్తు ప్రశ్నగా, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నగా, ఇవ్వమనండి. సభలో రాకపోయినా లిఖితపూర్వక జవాబు తప్పించుకోలేరు.


బిల్లింగ్ కౌంటర్ · రాత్రి 8:02

నాలుగోది కూడా కలపండి సార్: "ఈ) వైద్య సేవ పథకం కింద క్లెయిము సమర్పించిన తేదీ నుంచి చెల్లింపు వరకు సగటున పడుతున్న రోజులు ఎన్ని?"


ప్రెస్ గ్యాలరీ · రాత్రి 8:10

దాన్ని వేరే ప్రశ్నగా ఇద్దాం. ఒకే దాంట్లో రెండు విషయాలు పెడితే తిప్పి పంపే వీలుంటుంది. విజయవాడలో మీ ఎమ్మెల్యేకి మీరే ఇవ్వండి.


కొల్లేటి కొంగ · మూడు రోజుల తర్వాత, రాత్రి 9:25

ఇవాళ సాయంత్రం ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకి వెళ్లాను. ఆయన లేరు, పీఏ ఉన్నారు. కాగితం చదివి, "మాస్టారూ, ఇది మన ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టేలా ఉందే" అన్నారు. అప్పుడు ఇరకాటం మాట పక్కనపెట్టి నాన్న సంగతి చెప్పాను. పొడి అద్దుకున్న సంగతి కూడా. పీఏ కాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్లమ్మకి కూడా టెల్మిసార్టనే అట. కాగితం మీద తారీఖు వేసి, సొంత ఫైల్లో పెట్టుకున్నారు. సార్‌కి చూపిస్తానన్నారు, ప్రశ్న సభకి ఇస్తామని మాట మాత్రం ఇవ్వలేదు. సోమవారం మళ్లీ వెళ్తాను.

నాన్నకి నేనే మందులు కొని తెచ్చాను. ఈసారి తీసుకున్నారు, ఒక షరతు మీద. పీహెచ్‌సీలో మిగతా పదిహేను రోజులవి వచ్చాక మెడికల్ షాపులో వాపసు ఇచ్చేయాలట.


సబ్‌సెంటర్ ఆశా · రాత్రి 9:50

మా ఎమ్మెల్యేకి ఇవ్వడానికి ఆ ప్రశ్న నాక్కూడా పంపండి సారూ. పేర్లు తీసేసి రిజిస్టరు లెక్క జత చేస్తాను. 94 మందిలో ఈ నెల మందు అందనివాళ్లు 37.